రామదాసు బందీఖానా ఒక్కటే గోల్కొండా?

గోల్కొండ ఖిల్లా చూసొచ్చినవాళ్లు మూడు సంగతులు చెప్తారు. కింద చప్పట్లు కొడితే కొండమీద వినబడటం, కోహినూరు వజ్రం, రామదాసు బందీఖానా. మొదటి రెండూ వింతలు. మూడోది మా మీద ఫిర్యాదు. 'తురకోళ్లు భక్తుణ్ణి ఎంత హింసపెట్టారో' అని ఎవరూ పైకి అనకపోయినా ఆ చీకటిగదిలో మాకు వినబడుతూనే ఉంటుంది.

మేమెందుకు తల దించుకోవాలి? కంచర్ల గోపన్న తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహశీల్దారు. సర్కారుకి చేరాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. జైల్లో వేసింది రాముణ్ణి కొలిచినందుకు కాదు, సొమ్ముకి లెక్క చెప్పనందుకు. అదే తానీషాకి ప్రధాని మాదన్న, బ్రాహ్మణుడు. మతమే నేరమైతే రాజ్యాన్ని మాదన్న చేతిలో ఎట్లా పెట్టాడు? శిస్తు వసూలు హక్కుని వేలం వేసి రైతు నడ్డి విరిచిన రాజ్యమే అది. ఆ సంగతి మేం దాచం. కానీ ఆ పీడనని గోడల మీద ఎవరూ వెతకరు.

జనం చెప్పుకున్న కథ వీళ్ల చరిత్ర కన్నా ఉదారమైంది. అందులో రామలక్ష్మణులు బాకీ తీర్చడానికి వచ్చింది తానీషా దగ్గరికి. గోపన్నకి దొరకని దర్శనం తురక రాజుకి దొరికింది. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీనీ జనం ఆయన పేరుమీదే చెప్పుకుంటారు. అట్లాంటి కథలోంచి ద్వేషం పిండుతున్నారు.

ఇంతకీ ఖిల్లాని పడగొట్టిందెవరు? ఔరంగజేబు. 1687లో ఎనిమిది నెలలు ముట్టడించాడు. లంచం తిని దర్వాజా తెరిచినవాడు అబ్దుల్లా ఖాన్ పానీ. ఒళ్లంతా గాయాలైనా కత్తి దించనివాడు అబ్దుర్ రజాక్ లారీ. అమ్ముకున్నవాడూ నిలబడినవాడూ ముస్లింలే. తానీషాని దౌలతాబాదు కోటలో బంధించారు. అక్కడే చనిపోయాడు. రామదాసు గదిని చూపించే వేలు ఆ రెండో జైలు వైపు తిరగదు. తిరిగితే 'ముస్లిం పాలన' అని ముద్దచేసి పెట్టిన చరిత్ర చెదిరిపోతుంది.

మావాళ్లకీ ఒక మాట చెప్పాలి. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల్ని ఆదరించాడనీ, అద్దంకి గంగాధరకవి ఆయనకి కావ్యం అంకితమిచ్చాడనీ చెప్పుకుని మురిసిపోతాం. నిజమే. కానీ ఆ దర్బారులో మా దూదేకుల తాతకి కూర్చునే చోటు లేదు. తానీషా తప్పులకి మేం ముద్దాయిలం కాదు. ఆయన తఖ్తుకి వారసులమూ కాదు.

ఆషాఢంలో హైదరాబాదు బోనాలు మొదలయ్యేది ఆ ఖిల్లాలోని జగదాంబ గుడి దగ్గరే. 2014లో తెలంగాణ సర్కారు తన తొలి పంద్రాగస్టు జెండా ఎగరేసిందీ అక్కడే. ఖిల్లా దర్వాజాల లోపల ఇప్పటికీ గల్లీలున్నాయి, మావాళ్ల ఇళ్లున్నాయి. బోనాలు పోయేది వాళ్ల గుమ్మాల ముందునుంచే. గోల్కొండ చరిత్ర రాసేవాళ్లు కొండెక్కేముందు ఆ గుమ్మాల దగ్గర ఆగి మాట్లాడాలి.