పీహెచ్‌పీ: ఊహలూ ఉచ్చులూ ఉపకరణాలూ

పీహెచ్‌పీ ఒక భాషగా పుట్టలేదు. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన వెబ్ పేజీలో పెట్టుకున్న రెజ్యుమేను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. మరుసటి ఏడు వాటిని అందరికీ ఇచ్చేశారు. వాడేవాళ్లు అడిగినకొద్దీ ఒక్కో సౌకర్యమూ చేరుతూ వచ్చింది. జీవ్ సురాస్కీ, ఆండీ గట్‌మన్స్ తిరగరాసిన మూడో వెర్షన్ 1998లో వెలువడే నాటికి అది పూర్తి స్థాయి ప్రోగ్రామింగ్ భాష. వర్డ్‌ప్రెస్‌ను రాసింది ఇందులోనే. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీదే. హెచ్‌టీఎంఎల్ పేజీ మధ్యలో రెండు పంక్తుల కోడ్ రాసి సర్వర్‌లో పెడితే చాలు, ఫలితం బ్రౌజర్‌లో కనిపిస్తుంది. కొత్తవాళ్లను ఇంత తేలిగ్గా లోపలికి రానిచ్చిన సర్వర్ భాషలు తక్కువ. ఉచ్చులు కూడా ఎక్కువగా ఆ సులువులోనే ఉన్నాయి. ప్రోగ్రామర్ చెప్పకుండా వదిలేసినదాన్ని ఈ భాష తనంతట తాను ఊహించుకుంటుంది.

ఊహించుకోవడానికి కారణం లేకపోలేదు. ఫారంలో వయసు 25 అని కొట్టినా సర్వర్‌కు చేరేది అంకె కాదు, 2, 5 అనే రెండు అక్షరాలు. వాటితో కూడికలు చేయాలంటే ఎవరో ఒకరు సంఖ్యగా మార్చాలి. ఆ పని పీహెచ్‌పీ అడగకుండానే చేసిపెట్టింది. రెండు సమాన చిహ్నాలతో (==) పోల్చినప్పుడు రెండు వైపులా ఉన్నవి సంఖ్యల్లా కనిపిస్తే సంఖ్యలుగానే పోలుస్తుంది. సున్నా, వెంటనే ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, ఆపైన అన్నీ అంకెలే ఉన్న మాటను అది ‘సున్నా గుణించు పది ఘాతం ఇంత’ అని చదువుతుంది. అలాంటి మాటలు ఎన్ని ఉన్నా అన్నిటి విలువా సున్నాయే. పాస్‌వర్డ్‌లకు బదులుగా దాచే ఎండీ5 హ్యాష్‌లలో కొన్ని సరిగ్గా ఈ రూపంలో వస్తాయి. అందువల్ల రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఒకటేనని తేలే ప్రమాదం ఉంది. 2020లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ సంఖ్యనూ సంఖ్య కాని మాటనూ పోల్చే తీరును సరిదిద్దింది కానీ ఈ సున్నాల కథ అలాగే ఉంది. మూడు సమాన చిహ్నాలు (===) వాడితే రకం కూడా కలిసినప్పుడే సమానం అవుతుంది. ఒక మాట వాక్యంలో ఎక్కడుందో వెతికే ఫంక్షన్ దగ్గర కూడా ఇదే రక్ష. మాట వాక్యం మొదట్లోనే ఉంటే జవాబు సున్నా, అసలు లేకపోతే ‘ఫాల్స్’. వదులుగా పోలిస్తే రెండూ ఒకటే అయిపోతాయి.

ఊహ శ్రుతి మించితే ఏమవుతుందో చెప్పడానికి రిజిస్టర్ గ్లోబల్స్ అనే అమరిక కంటే మంచి ఉదాహరణ లేదు. ఫారంలోని ప్రతి గడి పేరూ, వెబ్ చిరునామాలోని ప్రతి పేరూ దానికదే ప్రోగ్రామ్‌లో వేరియబుల్ అయ్యేది. ‘అడ్మిన్’ అనే వేరియబుల్‌కు ముందుగా విలువ ఇవ్వడం ప్రోగ్రామర్ మరచిపోతే, చిరునామా చివర అడ్మిన్ ఒకటి అని చేర్చినవాడు నిర్వాహకుడైపోయేవాడు. 2002లో 4.2 వెర్షన్ దీన్ని అప్రమేయంగా ఆపేసింది, 2012లో 5.4 వెర్షన్ పూర్తిగా తీసేసింది.

డేటాబేస్ విషయంలో ఇలాంటి మరో ఊహ మ్యాజిక్ కోట్స్. ఫారంలో వచ్చిన ప్రతి కొటేషన్ గుర్తు ముందూ ఒక వాలుగీత చేర్చేది. డి'సౌజా అనే ఇంటిపేరు పేజీ మీద మధ్యలో గీతతో కనిపించేది. రక్షణ మాత్రం అరకొరే. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు మూలం వేరే చోట ఉంది. ఆజ్ఞనూ సమాచారాన్నీ ఒకే వాక్యంలో అతికించి పంపితే, సమాచారంలో దాగిన ఆజ్ఞను డేటాబేస్ గుర్తుపట్టలేదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో ముందు ఖాళీ గడులతో ఆజ్ఞ వెళుతుంది, తర్వాత విలువలు విడిగా వెళతాయి. 2005లో 5.1 వెర్షన్‌తో వచ్చిన పీడీఓ ఈ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అయితే ఆ గడుల్లో విలువలు మాత్రమే పడతాయి. ఏ నిలువు వరుస ప్రకారం క్రమంలో పెట్టాలో వాడుకరి ఎంచుకునే చోట ఆ పేరు గడిలో ఇమడదు. అనుమతించిన పేర్ల పట్టీ ఒకటి కోడ్‌లోనే రాసి, వచ్చినదాన్ని దానితో సరిచూడాలి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడుతున్నామన్న ధీమాతో చాలామంది వదిలేసే సందు ఇదే.

పేజీ మీద చూపించేటప్పుడు కూడా ఇదే సూత్రం. వాడుకరి రాసిన వ్యాఖ్యలో స్క్రిప్ట్ ఉంటే అది చదివేవారి బ్రౌజర్‌లో నడుస్తుంది. హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ కోణపు గుర్తులను నిరపాయం చేస్తుంది. దాన్ని వాడవలసింది సమాచారాన్ని దాచుకునేటప్పుడు కాదు, చూపించేటప్పుడు. ట్విగ్, బ్లేడ్ వంటి టెంప్లేట్లు ఈ పని వాటంతట అవే చేస్తాయి కాబట్టి మరచిపోయే అవకాశం తగ్గుతుంది.

పాస్‌వర్డ్‌లకు ఎండీ5 పనికిరాదు. అది మరీ వేగం. ఆ వేగం దొంగకే ఉపయోగం. 2013లో 5.5 వెర్షన్‌తో వచ్చిన పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్ కావాలనే నెమ్మదిగా నడిచే బీక్రిప్ట్‌ను వాడుతుంది. బీక్రిప్ట్ 72 బైట్ల దాకానే చూస్తుంది, మిగిలింది వదిలేస్తుంది. ఇంగ్లిష్‌లో ఇది పెద్ద లోటు కాదు. తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టుకుంటే 24 సంకేతాలకే ఆ హద్దు వచ్చేస్తుంది.

ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. తెలుగు సైట్లు నడిపేవారికి అన్నిటికన్నా దగ్గరి ఉచ్చు ఇక్కడే ఉంది. ‘కృష్ణ’ అనే పేరు తీసుకుంటే, పలికేవారికి అందులో అక్షరాలు రెండు: కృ, ష్ణ. పీహెచ్‌పీలో పొడవు కొలిచే స్ట్ర్‌లెన్ 15 అంటుంది, అది లెక్కపెట్టేది బైట్లను. ఎంబీ స్ట్ర్‌లెన్ అయిదు అంటుంది: క, ఋత్వం, ష, పొల్లు, ణ. గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ మాత్రమే మనిషి లెక్కకు దగ్గరగా వస్తుంది. అది కూడా సర్వర్‌లో యూనికోడ్ నియమాలను అమలుచేసే ఐసీయూ లైబ్రరీ ఏ కాలందో చూసుకోవాలి. ఒత్తును విడదీయకుండా ఒకే గుచ్ఛంగా చూడాలన్న నియమం 2023 నాటి యూనికోడ్ 15.1తో ప్రమాణంలో చేరింది. శీర్షికను కుదించడానికి సబ్‌స్ట్ర్ వాడి పది బైట్ల దగ్గర కోస్తే ‘కృష’ తర్వాత ఒక విరిగిన బైటు మిగిలి, పేజీ మీద ప్రశ్న గుర్తున్న నల్ల డైమండ్ కనిపిస్తుంది. ఎంబీ సబ్‌స్ట్ర్‌తో నాలుగు సంకేతాలు కోస్తే ‘కృష్’ వస్తుంది. బొమ్మ లేని వాడుకరికి పేరులోని తొలి అక్షరం చూపే గుండ్రటి గడిలో కృష్ణకు ‘క’ పడటం ఇలాంటి కోతవల్లే. తెలుగు చదివేవారి కంటికి ఇవి చిన్న తప్పులు కావు.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టుకున్న పాత పద్ధతి మూడు బైట్లకు మించి దాచుకోలేదు. తెలుగు దానిలో సరిపోతుంది, అందుకే లోపం బయటపడదు. ఎవరో వాక్యం మధ్యలో నాలుగు బైట్ల ఎమోజీ పెడతారు. పాత అమరికలో అక్కడి నుంచి మిగతా వాక్యమంతా మాయమవుతుంది. యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకుంటే ఈ బాధ లేదు.

తేదీల ఉచ్చు నెలలో 13వ తారీఖున బయటపడుతుంది. 05/08/2024 అని రాస్తే స్ట్ర్‌టుటైమ్ అమెరికా లెక్కన మే 8 అనుకుంటుంది. అదే తేదీని అడ్డగీతలతో 05-08-2024 అని రాస్తే ఆగస్టు 5. పన్నెండో తారీఖు దాకా తప్పు తేదీలు నిశ్శబ్దంగా లోపలికి వెళతాయి. 13/08 వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి ఫంక్షన్ చేతులెత్తేస్తుంది. ఏ భాగం రోజో ఏది నెలో చెప్పి చదివించే క్రియేట్ ఫ్రమ్ ఫార్మాట్ వాడటమే దారి. సర్వర్ కాలం యూటీసీలో ఉంటే భారతదేశంలో తెల్లవారుజామున అయిదున్నర లోపు వచ్చిన ఆర్డర్లకు నిన్నటి తేదీ పడుతుంది. డబ్బు లెక్కల్లోనూ ఒక ఉచ్చు ఉంది: వాటికి దశాంశాలు నమ్మదగినవి కావు. 19.99 రూపాయలను వందతో గుణించి పూర్ణాంకంగా మార్చితే 1998 పైసలే వస్తాయి. మొదటినుంచీ పైసల్లోనే దాచుకుంటే పైసా పోదు.

ఈ ఉచ్చులను ముందే పట్టే పనిముట్లు పీహెచ్‌పీకి చాలానే సమకూరాయి. తయారీ దశలో అన్ని హెచ్చరికలూ తెర మీద కనిపించాలి. జనం వాడే సర్వర్‌లో అవి లాగ్ ఫైల్‌లోకే వెళ్లాలి, లేకపోతే ఫైళ్ల దారులూ డేటాబేస్ పేర్లూ బయటివారికి కనిపిస్తాయి. ఫైల్ తలన స్ట్రిక్ట్ టైప్స్ ప్రకటన పెడితే, సంఖ్య కావలసిన ఫంక్షన్‌కు మాటను ఇచ్చినప్పుడు ఊహించకుండా ఆపేస్తుంది. 2015లో ఏడో వెర్షన్‌తో వచ్చిన ఈ సౌకర్యం రెండు సమాన చిహ్నాల తీరును మార్చదని గుర్తుంచుకోవాలి.

డెరిక్ రెథాన్స్ రాసిన ఎక్స్‌డీబగ్ కోడ్‌ను కోరిన పంక్తి దగ్గర ఆపి, ఆ క్షణాన ప్రతి వేరియబుల్‌లో ఏముందో చూపిస్తుంది. పేజీ నిండా ప్రింట్ చేసి వెతుక్కునే అలవాటు దీనితో పోతుంది. పీహెచ్‌పీస్టాన్ ఇంకో అడుగు ముందుంది. కోడ్‌ను నడపకుండా చదివే లోపాలు చెబుతుంది. పాత ప్రాజెక్టులో వేల తప్పులు చూపిస్తే బెదరిపోనక్కర్లేదు. ఉన్నవాటిని బేస్‌లైన్‌గా పక్కన పెట్టి, కొత్తగా రాసే కోడ్‌నే కట్టడి చేయవచ్చు. పీహెచ్‌పీయూనిట్‌తో ‘కృష్ణ’ కోతకూ 13వ తారీఖుకూ ఒక్కో పరీక్ష రాసి పెడితే, సరిదిద్దిన తప్పు మళ్లీ చేరినప్పుడు వెంటనే తెలుస్తుంది.

ఇతరులు రాసిన లైబ్రరీలను తెచ్చిపెట్టేది కంపోజర్. 2012లో అది రాకముందు చాలామంది వాటిని జిప్ ఫైళ్లుగా దించుకుని సర్వర్‌లో పారేసేవారు, ఏది ఏ వెర్షనో ఎవరికీ గుర్తుండేది కాదు. కంపోజర్ లాక్ ఫైల్ ప్రతి లైబ్రరీ కచ్చితమైన వెర్షన్‌ను నమోదు చేస్తుంది. దాన్ని గిట్‌లో ఉంచి, సర్వర్ మీద ‘అప్‌డేట్’ కాక ‘ఇన్‌స్టాల్’ ఆజ్ఞ ఇస్తే, తయారుచేసినవారి యంత్రంలో పరీక్షించిన వెర్షన్లే అక్కడా నడుస్తాయి. ఆ లైబ్రరీల్లో భద్రతా లోపాలు బయటపడ్డాయేమో కంపోజర్ ఆడిట్ చెబుతుంది.