సిస్టమ్ ఇమేజ్‌లో తెలుగు: ఎంపిక, విస్మరణ

చిన్న యంత్రాలలో ఒకేసారి ఎక్కించే లినక్స్ సాఫ్ట్‌వేర్ మూటను సిస్టమ్ ఇమేజ్ అంటారు. అందులో ఏ ప్యాకేజీలు ఉండాలన్నది ఇంజనీర్ల వ్యవహారంగానే చలామణి అవుతోంది. అయితే యంత్రం ఏ భాషలో రసీదు ఇవ్వగలదో కూడా అక్కడే నిర్ణయమవుతుంది. అందువల్ల అది భాషావిమర్శ పరిధిలోకి వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇమేజ్ నిర్మాణానికి విరివిగా వాడే సాధనాలు బిల్డ్‌రూట్, యోక్టో. బిల్డ్‌రూట్‌లో అనవసర భాషలను తొలగించే అమరిక ముందే అమలులో ఉంటుంది. ఉంచదగిన వాటి జాబితాలో రెండే పేర్లు: ఏ భాషకూ చెందని ‘సి’, అమెరికన్ ఇంగ్లీషు. ఏదైనా ప్యాకేజీ తనతో తెలుగు అనువాదం తెచ్చుకున్నా, నిర్మాణపు చివరి దశలో ఆ ఫైళ్లు చెరిగిపోతాయి. యోక్టోలోని అతిచిన్న నమూనా ఇమేజ్‌లో భాషల జాబితా ఖాళీగానే ఉంటుంది. తెలుగు వద్దని ఇక్కడ ఎవరూ నిర్ణయించలేదు; కావాలని ఎవరూ రాయలేదు, అంతే. పాఠాంతరాలను వదిలేసి, ఆ సంగతి పీఠికలో చెప్పని పరిష్కర్త పని వంటిది ఇది.

స్థలాభావం అనే సమాధానం సగమే నిజం. అంతర్జాతీయ భాషా సమాచారమంతా మోసే ఐసీయూ లైబ్రరీ దత్తాంశం దాదాపు 30 మెగాబైట్లు ఉంటుంది. దాన్ని కత్తిరించుకోవడం న్యాయమే. తెలుగు ఫాంటుకు మాత్రం కొన్ని వందల కిలోబైట్లు చాలు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఫాంటు లేకపోయినా ప్రోగ్రాం ఆగదు. కనుక ఒక ప్యాకేజీ మరొకదానిపై ఆధారపడే లెక్కలోకి ఫాంటు రాదు. ఎవరైనా పేరు పెట్టి అడిగితేనే వస్తుంది.

ఫాంటు వచ్చినంత మాత్రాన చాలదు. పశ్చిమ నెల్లూరులోని రెండు ఊర్ల పేర్లతో దీన్ని పరీక్షించవచ్చు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ లేనిచోట ‘ఉదయగిరి’ దాదాపు చదవగలిగేటట్లే కనిపిస్తుంది. ‘గి’, ‘రి’లలో గుడి తలకట్టు మీద విడిగా పడి అందం చెడుతుందే గాని పేరు చెడదు. ‘ఆత్మకూరు’ అట్లా కాదు. మకారం ఒత్తుగా మారి తకారం కిందికి చేరదు; పొల్లు మిగిలి ‘ఆత్‌మకూరు’ అవుతుంది. ఉదయగిరి పేరు వేసి చూసి తెలుగు వస్తోందని తృప్తిపడే పరీక్షకుడికి ఈ లోపం కంటపడదు. (పరీక్షకు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ ఎంచుకుంటే ఇంకా మేలు.)

ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాలలోకి 2015లో ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. ఎన్ని కిలోలు ఇచ్చినట్లు నమోదైందో మెట్ట గ్రామాల కార్డుదారు స్వయంగా చదువుకోగలగాలంటే తెలుగు అనువాదం, ఫాంటు, అక్షర సంయోజనం మూడూ ఇమేజ్‌లో ఉండాలి. యోక్టో నిర్మాణం ముగిసినప్పుడు ఇమేజ్‌లో చేరిన ప్యాకేజీల పట్టిక ఒక ఫైలుగా వెలువడుతుంది. లినక్స్ యంత్రాలు కొనే ప్రభుత్వ శాఖలు టెండరు షరతుల్లో అటువంటి పట్టికను కోరాలి. దాన్ని సరిచూసే చోట ఇంజనీరు పక్కన తెలుగు అధ్యాపకుడు కూడా కూర్చోవాలి.