గుండె దడను పిలిచి మరీ రప్పించడం

ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, థైరాయిడ్ బాగుంది. ఆ రిపోర్టులన్నీ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ల ముఖంలో ఊరట మాత్రం ఉండదు. రాత్రి మళ్లీ గుండె దడదడలాడితే ఎవరికి చెప్పుకోవాలి? ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉండమంటారు. ఆ మనిషికి లేనిది ధైర్యం కాదు.

పానిక్ అటాక్‌లో గుండె నిజంగానే పరుగెడుతుంది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ‘పోతున్నాను’ అనుకోగానే దడ పెరుగుతుంది, పెరిగిన దడ ఆ భయాన్ని రుజువు చేసినట్టే ఉంటుంది. ఈ సుడిని 1986లో డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త వివరించాడు. మేం చేసే మానసిక చికిత్సకు అదే పునాది.

గుండె జబ్బేమీ లేదని డాక్టరు తేల్చాక మేం చేయించేది చూస్తే కొందరికి కఠినంగా తోస్తుంది. నిలబడ్డచోటే పరుగెత్తమంటాం. సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చమంటాం. కుర్చీలో గిరగిరా తిప్పుతాం. ఏ దడకు భయపడుతున్నారో దాన్నే కావాలని రప్పిస్తాం, నేనూ వాళ్లతో కలిసి చేస్తాను. ఎదుటి మనిషి ఒగరుస్తుంటే మంచినీళ్లు అందించాలని నా చెయ్యి లాగుతుంది. అందించను. చేతిలో సీసా, జేబులో ఆందోళన తగ్గించే ఆల్ప్రాజోలం మాత్ర ఉండబట్టే బతికానని ఇన్నాళ్లూ నమ్మినవాళ్లు, అవేవీ లేకుండా దడ దానంతటదే దిగడం కళ్లారా చూడాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని ఆ కాసేపు ఊరుకోవడమే.

మందులూ పనిచేస్తాయి. సెర్ట్రాలిన్ లాంటివి కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటిని హఠాత్తుగా మానకూడదు. ఆల్ప్రాజోలం వెంటనే ఊరటనిస్తుంది గానీ అలవాటైపోతుంది.

ప్రమాదం తర్వాత లారీ హారన్‌కే వణికిపోయేవాళ్ల సంగతి వేరు. అక్కడ జ్ఞాపకంతో పని. ఎడ్నా ఫోవా అనే మనస్తత్వవేత్త రూపొందించిన పద్ధతిలో ఆ ఘటనను ఇప్పుడే జరుగుతున్నట్టు పదేపదే చెప్పిస్తాం, నమ్మకం కుదిరాకే. ఘటన జరిగిన మర్నాడే అందరినీ కూర్చోబెట్టి బలవంతంగా చెప్పించడం వల్ల మేలు లేదని పరిశోధనల్లో తేలింది.

ఇక ఇంటివాళ్లు. బజారుకు తోడు, ఆస్పత్రికి తోడు, చివరికి స్నానాల గది బయట కూడా కాపలా. ఆ ప్రేమే భయానికి మేత వేస్తోందని చెబితే నొచ్చుకుంటారు, కొందరు కోప్పడతారు. అయినా అడుగుతాను: రేపు వీధి చివరి కొట్టుకు మీ మనిషిని ఒంటరిగా పంపండి, మధ్యలో ఫోన్ చేయకండి.