విధానాల తర్జుమా, మనిషి జవాబుదారీ

ఒకచోట పుట్టిన ప్రభుత్వ విధానం మరొకచోటికి చేరేసరికి ఎందుకు రూపు మారుతుంది? 1980ల నుంచి ఫ్రెంచి పండితులు మిషెల్ కలోన్, బ్రూనో లతూర్, బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త జాన్ లా రూపొందించిన యాక్టర్-నెట్‌వర్క్ సిద్ధాంతం దీనికి ఒక సమాధానం చెబుతున్నది. విధానం చేతులు మారిన ప్రతిసారీ తర్జుమా అవుతుందని వారి భావం. ఆ పనిలో మంత్రి, న్యాయమూర్తి, గుమాస్తాలతోపాటు జాబితా, ఫారం, రబ్బరు ముద్ర కూడ కర్తలే.

ముస్లిం రిజర్వేషన్ల చరిత్రకు ఈ దృష్టి చక్కగా సరిపోతుంది. కేరళ, కర్ణాటకలలో ముందే అమలులో ఉన్న ఈ విధానం 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలందరికీ 5 శాతంగా వచ్చింది. హైకోర్టు దానిని 2004లోనూ, మారురూపంలో వచ్చినదానిని 2005లోనూ కొట్టివేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తరువాత 2007లో అదే 4 శాతమై, ‘బి.సి.-ఇ’ అనే వర్గమైంది. మతసమాజం స్థానంలో అత్తరు సాయిబులు, హజాం, ఖురేషీ, షేక్ వంటి వర్గాల జాబితా నిలిచింది. సయ్యద్, పఠాన్, మొగల్ మొదలైనవారు దాని వెలుపల ఉండిపోయారు. 2010లో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు దానిని నిలబెట్టింది. 2017లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన 12 శాతం బిల్లు అమలుకు రాలేదు.

ఇప్పుడు జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒకే షెడ్డులో, ఒకే కూలికి పనిచేసే ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు షేక్, మరొకరు సయ్యద్. మీసేవలో దరఖాస్తు పెడితే మొదటివాని బిడ్డకు బి.సి.-ఇ పత్రం లభిస్తుంది, రెండవవాని బిడ్డకు లభించదు. సాంఘిక వెనుకబాటును కూలి ఒక్కదానితో కొలవరాదన్న వాదానికి రాజ్యాంగబలం ఉన్నది. అయినా ఆ బిడ్డల భవిష్యత్తును వేరుచేసినది జాబితాలోని ఒక్క మాట. కాగితం కర్త అనడంలో నిజమెంతో ఇక్కడ తెలుస్తుంది.

అయితే లోపమూ ఇక్కడే ఉన్నది. కాగితాన్నీ మనిషినీ ఒకే త్రాసులో తూచినప్పుడు “ఇలా జరిగింది” అని చెప్పగలం. “ఇది న్యాయమా, దీనికి బాధ్యులెవరు” అని అడగడానికి తావుండదు. ఫారానికి నియ్యత్ లేదు. దానిని రూపొందించిన వానికున్నది.

వ్రాతపత్రం విలువ ఇస్లాంకు కొత్త విషయం కాదు. సూరా బఖరా 282వ ఆయతు అప్పుల వ్రాతకోతలను గూర్చినదే. అందులో పత్రానికి ఎంతో ప్రాధాన్యమున్నది. కాని న్యాయంగా వ్రాసే బాధ్యత లేఖకునిది, సాక్ష్యభారం సాక్షులది. తర్జుమా ఒక అమానతు. మూలంలోని మాట జారిపోతే ముతర్జిమ్ కలాన్ని నిందించి తప్పించుకోలేడు.

కనుక పరిశోధకుడు ఫైలు వెంట నడవవలసిందే. కాని అది ఆగిన ప్రతి బల్ల దగ్గరా, ఎవరు మార్చారు, ఎవరి ఒత్తిడికి మార్చారు, ఎవరి హక్కు జారిపోయింది అని కూడ అడగాలి. ఖియామత్ నాడు లెక్క అడిగేది మనిషినే.