బండిలో రేడియో: వాట్ల మోజు, ఆంపియర్ల లెక్క

హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు చేతికొచ్చి, కారులో సెట్టు పెట్టుకోవాలని ఉబలాటపడే కుర్రాడు సీనియర్‌ని అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఎన్ని వాట్లది తీసుకోమంటావు?" సీనియర్ జవాబు చెప్పడు, ఎదురు అడుగుతాడు: "నీ బండేంటి తమ్ముడూ? పైకప్పు రేకా, గాజా?" కుర్రాడికి ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. బ్రోచర్లో పైకప్పు ఊసే లేదు. అందులో పెద్దక్షరాల్లో మెరిసేవి 50 వాట్లు, 65 వాట్లు, 80 వాట్లు, 100 వాట్లు.

ఈ కాలమ్ రాసే మనిషిని అడిగితే, ఆ కాగితం మీదున్న అంకెలన్నిటిలోకీ తక్కువ పనికొచ్చేది ఆ వాట్ల అంకే. అది అబద్ధమని కాదు. చెవికి తెలిసే తేడా అందులో ఎంతుందో లెక్కేస్తే మోజు సగం దిగిపోతుంది. పవర్ రెట్టింపైతే అవతలి వాళ్లకు పెరిగేది 3 డెసిబెల్స్. రిసీవర్లో ఉండే ఎస్ మీటరు మీద ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య దూరం, పద్ధతి ప్రకారం, 6 డెసిబెల్స్. అంటే 25 వాట్ల చైనా సెట్టు పీకేసి 50 వాట్ల జపాన్ సెట్టు బిగిస్తే అవతలి ముల్లు జరిగేది అర గీత. 50 నుంచి 80కి పోతే వచ్చేది 2 డెసిబెల్స్. ఎదుటివాడు మీటరు చూసి చెబితే తప్ప అదొకటి జరిగినట్టే తెలియదు. చేతిలో పట్టుకునే 5 వాట్ల హ్యాండీ నుంచి 50 వాట్లకు మారడం మాత్రం వేరే సంగతి. అక్కడ 10 డెసిబెల్స్ కలిసొస్తాయి. దానికి తోడు, రేకుల పెట్టెలాంటి కారు లోపలి రబ్బరు ఆంటెన్నా నుంచి కప్పు మీది ఆంటెన్నాకు మారతాం. మాట స్పష్టంగా వినిపించడం మొదలయ్యేది చాలావరకు ఈ రెండో కారణం వల్లే.

యాయెసు ఎఫ్‌టీ-2980 అనే సెట్టు 80 వాట్లిస్తుందని గొప్పగా చెప్పుకుంటారు. దానిలో నిజంగా మెచ్చుకోవలసింది ఆ 80 కాదు. దానికి ఫ్యానే లేదు. ఒళ్లంతా అల్యూమినియం రెక్కలు, వాటితోనే చల్లబడుతుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండిలో, మట్టి పట్టి ఆగిపోయే చిన్న ఫ్యాను లేకపోవడం ఎంత సుఖమో జిల్లాల్లో తిరిగేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

దూరం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మన దేశంలో 2 మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఆ తరంగాలు దాదాపుగా చూపు మేర పోతాయి, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. రెండు మీటర్ల ఎత్తున ఉన్న కారు ఆంటెన్నాకు రేడియో దిగంతం సుమారు 6 కిలోమీటర్లు. రెండు కార్ల మధ్యైతే, చదునైన నేల మీద, 12. అదే చుట్టుపక్కల నేల కంటే 300 మీటర్లు ఎత్తున్న కొండ మీద, సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే రిపీటర్ ఉంటే దాని దిగంతం 70 కిలోమీటర్లు దాటుతుంది. ఆ కొండ కనిపించే చోట 10 వాట్లు చాలు. కనిపించని చోట 80 పోసినా గోడకు చెప్పుకున్నట్టే. కాబట్టి కొనేముందు అడగాల్సిన ప్రశ్న, తాను రోజూ తిరిగే రోడ్డు మీద రిపీటర్ అందుతుందా లేదా అన్నది. అరువు తెచ్చిన హ్యాండీకి కప్పు మీది ఆంటెన్నా తగిలించి ఒకసారి ఆ రోడ్డు తిరిగొస్తే సగం జవాబు దొరుకుతుంది.

అందకపోతే ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీల హెచ్‌ఎఫ్ గుర్తుకొస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే నల్లమల ఘాట్ రోడ్డులో మలుపు తిరిగితే 2 మీటర్లు మూగబోతాయి. 7 మెగాహెర్ట్జ్ మాత్రం పైకి పోయి, అయనోస్ఫియర్ తాకి, పగటిపూట కొండలు దాటి కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. ఐకామ్ ఐసీ-7100, యాయెసు ఎఫ్‌టీ-891 వంటి 100 వాట్ల సెట్ల మీద కన్ను పడేది ఇక్కడే. వాట్ల అంకె అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది కూడా ఇక్కడే. 7 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం కడ్డీ 10 మీటర్లుండాలి. దాన్ని రెండున్నర మీటర్లకు కుదించి, మిగతాది తీగచుట్టతో భర్తీ చేస్తారు. ఆ చుట్టలోనూ బండి బాడీలోనూ వేడిగా పోయింది పోగా, పెట్టిన 100లో గాల్లోకి చేరేది పది వాట్లు కూడా దాటకపోవచ్చు. డాన్ జాన్సన్ అనే అమెరికా హ్యామ్ బ్యాటరీ స్క్రూడ్రైవర్ మోటారు తీసి, ఆ చుట్టను కారులో కూర్చునే పైకీ కిందికీ జరిపే ఆంటెన్నా తయారుచేశాడు. నేటికీ దాన్ని స్క్రూడ్రైవర్ ఆంటెన్నా అనే పిలుస్తారు. సెట్టు మీద పెట్టే డబ్బులో కొంత కోసి ఆంటెన్నా మీద పెట్టమని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. బండి ఆపుకున్నప్పుడు కడ్డీని తాడుతో వెనక్కి వంచి కట్టి, సిగ్నల్‌ను నిటారుగా పైకి పంపే చిట్కా కూడా చాలామందికి తెలుసు. దానికయ్యే ఖర్చు ఒక తాడు.

ఇక ఆంపియర్లు. 50 వాట్ల ఎఫ్‌ఎం సెట్టు మాట్లాడేటప్పుడు 11 నుంచి 13 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్ల హెచ్‌ఎఫ్ సెట్టు 22, 23 లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ వెనక ఉండే ఫ్యూజ్ మామూలుగా 10 లేదా 15 ఆంపియర్లది. అందులో హ్యాండీ చార్జరు పెట్టుకోవచ్చు, అంతే. అసలు సెట్టుకు బ్యాటరీ దగ్గర నుంచే వైరు లాగాలి. ఏ వైరు? ఆటో ఎలక్ట్రీషియన్ హారన్‌కు వాడే వైరు చూపించి "ఇది చాలు సార్" అంటాడు. పోనీ, అంతకంటే లావుగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరే వేశారనుకుందాం. సెట్టు డిక్కీలో ఉంటే వైరు 5 మీటర్లు. పోనూ రానూ కలిపి 10. 22 ఆంపియర్ల దగ్గర ఆ వైరులోనే దాదాపు 1.6 వోల్టులు పోతాయి. ఇంజన్ ఆపిన బ్యాటరీ 12.6 వోల్టులనుకుంటే సెట్టుకు చేరేది 11. చాలా సెట్లు 13.8కి 15 శాతం అటూ ఇటూ, అంటే 11.7 వరకే ఒప్పుకుంటాయి. మాట ముక్కలవుతుంది, లేదా మైకు నొక్కగానే సెట్టు ఆరిపోతుంది. కొన్నవాడు కంపెనీని తిట్టుకుంటాడు. 6 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే పోయేది 0.7 వోల్టే. వైరు కొట్లో కాస్త ఎక్కువవుతుంది, అంతే కదా.

వైరు మొదట్లో, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజ్ ఉండాలి. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులోంచి వైరు దూర్చే చోట రబ్బరు వాషరు లేకపోతే, రేకు అంచు కోసి షార్టయిన రోజు ఆ ఫ్యూజే బండిని కాపాడుతుంది. కొత్త బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీని కొలిచే సెన్సర్ ఉంటోంది. నెగటివ్ వైరును నేరుగా ఆ టెర్మినల్‌కు తగిలిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది. బ్యాటరీ నుంచి బాడీకి వైరు బిగించిన చోట కలపడం మేలు.

తీరప్రాంతపు హ్యాములకు ఇంకో లెక్క కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. అంతకు పదేళ్ల ముందు, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. సరదాగా దేశదేశాలతో మాట్లాడదామని తీసుకెళ్లిన సెట్లే ఆ రోజు బయటి ప్రపంచానికి వార్తలు చేరవేశాయి. అలాంటి రోజున ఊళ్లో కరెంటు ఉండదు, కారు బ్యాటరీ ఉంటుంది. చిన్న కారుది 35 ఆంపియర్ అవర్లు. మళ్లీ స్టార్ట్ కావాలంటే సగం మిగల్చాలి. ఊరికే వింటూ కూర్చుంటేనే 2 ఆంపియర్లు తినే సెట్టు దాదాపు తొమ్మిది గంటల్లో ఆ సగం తాగేస్తుంది. అర ఆంపియరుతో సరిపెట్టుకునే సెట్టుతో రోజంతా దాటి, మర్నాడూ వినొచ్చు. "రిసీవ్ కరెంట్" అని స్పెసిఫికేషన్ల అడుగున చిన్నక్షరాల్లో ఉండే ఆ అంకెను కొనేవాళ్లు చదవరు. ఈ రచయిత ముందు చదివేది అదే.

ఎండ గురించి రెండు మాటలు చాలు. చాలా మాన్యువల్స్ 60 డిగ్రీల వరకే హామీ ఇస్తాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు ఆ అంకెను తేలిగ్గా దాటేస్తుంది. అందుకే ముందు ప్యానెల్ విడిగా ఊడొచ్చే సెట్టు మేలు. అసలు డబ్బా సీటు కింద గాలాడే చోట ఉంటుంది, ప్యానెల్ మాత్రమే పైన ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో మాత్రం దాన్ని బిగించకూడదు.

పైకప్పు ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. 2 మీటర్లకు పావు తరంగం కడ్డీ 49 సెంటీమీటర్లు. దాని రెండో సగం పని చేసేది కింద ఉన్న రేకు. పాత బొలెరో కప్పు మధ్యలో మాగ్నెట్ మౌంట్ పెట్టినంత బాగా ఖరీదైన ఆంటెన్నా కూడా బంపరు మీద పని చేయదు. కానీ ఇప్పటి షోరూముల్లో అందరూ ముచ్చటపడేది ముందునుంచి వెనకదాకా గాజున్న సన్‌రూఫ్. దానికి అయస్కాంతం అంటదు, కింద రేకూ లేదు. అలాంటి బండికి బానెట్ అంచుకో డిక్కీ తలుపు అంచుకో బిగించే క్లాంపు మౌంటే దిక్కు. అక్కడ కూడా పెయింటు గీకి, స్క్రూ రేకును తాకేలా చూడాలి. షోరూము నుంచి తెచ్చిన కొత్త బండి పెయింటు గీకడానికి ఇంట్లో అనుమతి తీసుకోవడం, కేంద్ర వైర్‌లెస్ విభాగం నుంచి లైసెన్సు తీసుకోవడం కంటే కష్టమని హ్యాములు నవ్వుకుంటారు. కేబుల్‌ను తలుపు సందులోంచి తెస్తే, లోపలికి రాకముందు కిందికి ఒక వంపు తిప్పి వదలాలి. లేదంటే వాన నీరు కేబుల్ పట్టుకుని నేరుగా సీటు మీదికొస్తుంది.

డిజిటల్ మోడ్‌ల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. ఐకామ్ వాళ్ల డీ-స్టార్, యాయెసు వాళ్ల ఫ్యూజన్, డీఎంఆర్ ఒకదాని భాష ఒకదానికి తెలియదు. ఊళ్లో స్నేహితులు ఏది వాడుతుంటే అది. ఎవరూ వాడకపోతే మామూలు ఎఫ్‌ఎం.

మెనూల కంటే గుండీలు ముఖ్యం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో, చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడుతూ నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికొస్తుంది. చేతి మైకు పట్టుకున్న హ్యామ్ అది ఫోను కాదని కానిస్టేబుల్‌తో వాదించే బదులు, బండి పక్కకు ఆపి మాట్లాడటం తెలివైన పని. వినడానికి మాత్రం చేతులక్కర్లేదు. అందుకని వాల్యూమ్‌కూ చానెల్‌కూ విడివిడి గుండీలుండి, ఎండలో కూడా కనిపించే డిస్‌ప్లే ఉన్న సెట్టు, నాలుగు మెనూల లోతున అన్నీ దాచిన సెట్టు కంటే నయం.

లైసెన్సు లేకుండా సెట్టు కొనకూడదన్నది కొత్త మాట కాదు. అయినా ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా అమ్ముతుండటంతో 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చి, మార్గదర్శకాలు తెచ్చింది. రెస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సున్నవాళ్లకు పవర్ పరిమితి జనరల్ గ్రేడు కంటే తక్కువ కాబట్టి, 100 వాట్ల మీద మనసు పడేముందు తన లైసెన్సు షరతులు ఒకసారి తిరగేయాలి.

చివరికి చాలామంది కొనేది పాత సెట్టే. ఎఫ్‌టీ-857డీ వంటివి ఉత్పత్తి ఆగిపోయినా చేతులు మారుతూనే ఉన్నాయి. వాటి డిస్‌ప్లేలో చారలు పడ్డాయేమో చూసుకోవాలి. ఆంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించి, పూర్తి పవర్ మీద రెండు నిమిషాలు నొక్కిపట్టి, వేడెక్కాక వాట్ మీటరు పడిపోతుందేమో చూడాలి. తర్వాత పవర్ కేబుల్ చేతిలోకి తీసుకుని ఫ్యూజ్ విప్పి చూడాలి. కంపెనీ 15 ఆంపియర్లది పెట్టమన్న చోట 30ది కనిపిస్తే ధర మాట పక్కనపెట్టి, అది ఎందుకు మార్చాల్సొచ్చిందో ముందు అడగాలి.