కారులో వినిపించే తెలుగు

కారులో దారి చూపే యంత్రం మంచిచెడ్డలు నిర్ణయించడానికి మా దృష్టిలో ఒకటే గీటురాయి: అది డ్రైవరు కళ్లను రోడ్డు మీద ఉండనిస్తుందా, లేదా? 1985లో అమెరికాలో వచ్చిన ఎటాక్ నావిగేటర్ ఈ సంగతి మొదట్లోనే గ్రహించింది. దాని తెర మీద కారు గుర్తు కదలదు. కారు మలుపు తిరిగితే పటమే తిరుగుతుంది. 2013లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం ఒక్కో చూపు 2 సెకన్లకు, ఒక పనికి మొత్తం చూపులు 12 సెకన్లకు మించి రోడ్డును విడవరాదు. కళ్లకు ఇంత తక్కువ గడువు ఉన్నప్పుడు భారమంతా మాట మీద పడుతుంది.

ఆ మాట తెలుగైతే దాన్ని విమర్శించవలసింది మనమే. గూగుల్ మ్యాప్స్ 2018లో తెలుగు, కన్నడ, తమిళం మొదలైన భాషల్లో దారి చెప్పడం ప్రారంభించింది. స్వాగతించవలసిన పనే. అయితే దారి చెప్పే తెలుగు ఎలా ఉండాలి? "200 మీటర్లలో ఎడమకు తిరగండి" అనేది ఇంగ్లీషు నీడ పడిన వాక్యం. ఆ దూరం లోపల ఎక్కడ తిరిగినా ఫరవాలేదన్న అర్థం కూడా దానికి వస్తుంది. "200 మీటర్లు పోయాక" అంటే ఆ చిక్కు లేదు.

నాలుగు రోడ్లు కలిసేచోటు హైదరాబాదులో చౌరస్తా, విజయవాడలో సెంటరు, విశాఖపట్నంలో జంక్షను, బళ్లారిలో సర్కిల్. యంత్రం అన్నిచోట్లా "కూడలి" అంటే పుస్తకానికి బాగుంటుంది గాని, స్టీరింగు పట్టుకున్నవాడికి కాదు. ఊరి మాటే చెప్పాలి.

ఊర్ల పేర్లతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. రోమన్ లిపిలో ల, ళలకు ఒకటే అక్షరం. ఆ రాతను పట్టుకుని తెలుగులోకి తెస్తే బళ్లారి "బల్లారి" అవుతుంది. పక్కనే కన్నడ బోర్డులో ళకారం స్పష్టంగా ఉండగా! కన్నడ రాత నుంచి నేరుగా తెస్తే తప్పిపోయే పొరపాటు ఇది.

బరంపురం సంగతి వేరు. అక్కడి తెలుగువారి నోట అది బరంపురం, ఒడియా బోర్డు మీద బ్రహ్మపుర. చెవికి బరంపురం అనే వినిపించి, తెర మీద బోర్డు పేరును తెలుగు, ఒడియా లిపులు రెండింటిలో చూపాలని మా అభిప్రాయం. అప్పుడు చూపు 2 సెకన్లలో రోడ్డు మీదికి తిరిగి వస్తుందా అన్నది ఆగిన కారులో, బొమ్మ తెరతోనైనా పరీక్షించవచ్చు. బరంపురంలోనో హోసూరులోనో మన విద్యార్థులే చేయగలిగిన పని.