ఎండాకాలం పిట్టలు

హైదరాబాద్‌లో పిట్టలు చూసేవాళ్లకి సీజనంటే చలికాలమే. నవంబర్ రాగానే బైనాక్యులర్లు దుమ్ము దులుపుకుంటాయి, శామీర్‌పేట చెరువు గట్టున కార్లు ఆగుతాయి. ఎక్కడో ఉత్తరాన్నుంచి వచ్చిన బాతుల్ని చూసి, దారిలో ఇడ్లీ తిని, తొమ్మిదింటికల్లా ఇంటికి. మార్చి దాటితే బాతులూ పోతాయి, బైనాక్యులర్లూ బీరువాలోకి పోతాయి.

ఈ కాలమ్ రాసే మనిషికి ఈ లెక్క ఎన్నడూ మింగుడు పడలేదు. ఇక్కడే పుట్టి ఇక్కడే పిల్లల్ని కనే పిట్టల్ని చూడాలంటే మే నెలను మించింది లేదు. దానికి చెరువూ అక్కర్లేదు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఇంకా రాకముందే, తూంకుంట దగ్గర పక్కకి తిరిగితే చాలు. వెంచర్ల ప్రహరీలు దాటాక అక్కడక్కడా ఇంకా గుట్టలు మిగిలున్నాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు, వాటి సందుల్లో తుమ్మ, రేగు, తంగేడు పొదలు, మధ్యలో గులకరాళ్ల నేల.

మే నెలలో సూర్యుడు అయిదూ నలభై ప్రాంతంలో వస్తాడు. మనిషి అంతకు ముందే గుట్ట కింద ఉండాలి. ఎనిమిది దాటితే రాయి కాలుతుంది, పిట్ట నీడకి చేరి నోరు తెరుచుకుని రొప్పుతుంది, చూసేవాడి ఉత్సాహమూ ఆవిరవుతుంది. కాబట్టి ఉన్నవి రెండు గంటలు. అందులో మొదటి అరగంట కళ్లతో పనే ఉండదు. చీకట్లోంచి కోయిల మొదలుపెడుతుంది, పొదల్లోంచి కముజు పిట్ట గొంతు చించుకుంటుంది, దూరంగా ఎక్కడో నెమలి. మధ్యలో హకీంపేట స్థావరం నుంచి శిక్షణ విమానం లేచిందంటే కాసేపు అన్నీ బంద్. అలవాటైపోయిందేమో, పిట్టలే ముందు తేరుకుంటాయి.

చెవితో పిట్టల్ని పట్టుకోవడం పాత విద్యే. ఇంగ్లండులో సుద్దకొండల పక్కన సెల్‌బోర్న్ అనే పల్లె ఉంది. అక్కడి మతగురువు గిల్బర్ట్ వైట్, చూడ్డానికి ఒకేలా ఉండే మూడు చిన్న పిట్టలు వేర్వేరు జాతులని పాటల్ని బట్టే తేల్చాడు. ఆయన పుస్తకం 1789లో వచ్చింది. అప్పటికి పిట్టలు చూసేవాళ్ల చేతుల్లో బైనాక్యులర్లు లేవు. తూంకుంట గుట్ట మీదా అదే పద్ధతి నడుస్తుంది. మట్టిరంగు పిచ్చుకల్లాంటి లార్కులు కంటికి అన్నీ ఒకటే. తుమ్మ కొమ్మ చివర కూర్చుని లోహపు తీగ గీరినట్టు సన్నగా కూస్తూ, మధ్యలో కాస్త పైకెగిరి రెక్కలు చాపుకుని దిగేదైతే అది జెర్డన్ లార్క్. ఇప్పుడు కూత వినిపిస్తే పేరు చెప్పే యాప్‌లు ఫోన్లోనే వచ్చాయి. వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఫోను చెప్పిన పేరు మధ్యాహ్నానికి మరుపుకొస్తుంది, చెవి పట్టుకున్నది ఉండిపోతుంది.

వెలుగు వచ్చాక చూడాల్సింది నేల. ఈ గులకరాళ్ల మీదే పసుపు తీతువు కాపురం. చెరువు గట్టున అరిచి గోల చేసే ఎర్ర తీతువుకి ఇది చుట్టమే, కానీ నెమ్మదస్తురాలు. నల్ల టోపీ, దాని కింద తెల్ల గీత, ముక్కు పక్కన వేలాడే పసుపు తిత్తి, పసుపు కాళ్లు. మిగతా ఒళ్లంతా నేల రంగే. గూడని చెప్పుకోడానికి చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్లు. అందులో మచ్చల గుడ్లు, సాధారణంగా నాలుగు, సన్న కొసలు లోపలికి పెట్టి ఉంటాయి. కాలి పక్కనే ఉన్నా కనబడవు. గూడు వెతకడం బుద్ధితక్కువ పని, తొక్కేస్తారు. గుండు నీడన కదలకుండా కూర్చుంటే పిట్టే చూపిస్తుంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, మనల్ని ఓ కంట కనిపెడుతుంది, ఏమీ లేనట్టు పక్కకి తిరుగుతుంది. చివరికి ఒకచోట కాళ్లు ముడిచి, పొట్ట ఈకలు సర్దుకుని కూర్చుంటుంది. అదీ గూడు.

నలభై డిగ్రీల ఎండలో గుడ్ల మీద కూర్చోవడం పొదగడానికే కాదు, నీడ పట్టడానికి కూడా. నేల మరీ కాలితే తీతువు నీళ్ల దగ్గరికెళ్లి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. 1960ల్లో ఎస్.డి. జయకర్, హెలెన్ స్పర్‌వే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మన దేశంలోనే ఈ పిట్ట గూళ్లను గమనించి వరసగా వ్యాసాలు రాశారు. ఈ హెలెన్, భారత పౌరసత్వం తీసుకున్న జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ భార్య. వానల కోసం ఆగకుండా ఎండాకాలాన్నే ఎంచుకుని గుడ్లు పెట్టే పిట్ట ఇదని వాళ్లు వ్యాసం పేరులోనే చెప్పారు. గడ్డి పెరగని, చూపు నాలుగు వైపులా సాగే బోడి నేల దానికి కావాలి. మనం దేన్నైతే పనికిరాని భూమి అంటామో సరిగ్గా అదే.

ప్రభుత్వ కాగితాల్లోనూ దానికి ఆ పేరే. దేశంలోని బంజరు భూముల అట్లాసును తయారు చేసింది ఎక్కడో కాదు, మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. 2000లో మొదటి అట్లాసు వచ్చింది. పొదల నేలకూ రాతి నేలకూ అందులో వేర్వేరు గళ్లున్నాయి. ఉపగ్రహానికి పొద కనిపిస్తుంది, పొద కింది గుడ్డు కనిపించదు కదా. బంజరు అన్న మాట ఒకసారి పడ్డాక ప్లాంటేషన్ వాళ్లు గుంతలు తీసినా, వెంచర్ వాళ్లు జేసీబీ దింపినా బాగుచేస్తున్నట్టే లెక్క.

ఈ లెక్కకి తెలుగు నేల ఇప్పటికే చాలా మూల్యం కట్టింది. అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. అక్కడ ఇప్పుడు అది దాదాపు కనబడటమే లేదు. 1900 తర్వాత ఎవరికీ చిక్కని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది, అదీ ఐతన్న అనే స్థానికుడి పుణ్యమా అని. అది కూడా పొదల నేల పిట్టే. దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది. అంతెందుకు, దసరా నాడు అందరం చూసి దండం పెట్టే పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, 2023లో వచ్చిన జాతీయ పక్షుల నివేదికలో తగ్గిపోతున్న జాబితాలో ఉంది.

1930ల మొదట్లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల లెక్క తీశాడు. ఆ పని ఇప్పుడూ జరుగుతోంది, జీతం లేకుండానే. తెల్లారగట్ల గుట్ట మీద ఏం కనిపించిందీ, ఏం వినిపించిందీ రాసుకునే వాళ్ల చిట్టాల్లోంచే ఆ 2023 నివేదిక పుట్టింది. అందులో చెరువు గట్టు చలికాలపు చిట్టాలకి కొదవ లేదు. కావాల్సింది మే నెల గుట్ట చిట్టాలే.

వచ్చే వేసవిలో ఆదివారం ప్లాటు చూద్దామని తూంకుంట వైపు వెళ్లే వాళ్లకి ఒక మాట. పదింటికి కాదు, ఆరింటికల్లా వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. మీ సైటులో తీతువు గుడ్లు పెట్టి ఉంటే ఫొటోల కోసం దగ్గరికి పోవద్దు. అటో ఇటో నెల రోజుల్లో పిల్లలు లేచి నడిచి వెళ్లిపోతాయి. అప్పటిదాకా ఆ మూల జేసీబీ పెట్టొద్దని మేస్త్రీకి చెప్పండి.